ఒడ్డుకొక పడవ

సౌత్ కేప్ వాగు పక్కన,
సోమవారం సాయంత్రం

మొండిఘటం మెర్విన్‌కి,

నీ భార్య ఇంకా బతికే ఉంది. ఈ మాట ముందు చెప్పకపోతే మిగతా ఉత్తరం చదవకుండా తాడూ గొడ్డలీ పట్టుకుని పరుగెత్తుకొస్తావని తెలుసు. పరుగెత్తకు. నువ్వు ఆ చివరి నుంచి నెమ్మదిగానే రా, నేను ఈ చివరి నుంచి నెమ్మదిగానే వస్తాను. మధ్యలో ఉప్పుటేటి దగ్గర కలుద్దాం. అనుకున్నది అదే కదా.

కారు కాకిల్ క్రీక్‌లో రోడ్డు అయిపోయిన చోట పెట్టాను. అక్క మాత్రం నిన్న గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "యాభై రెండేళ్ళొచ్చాయి, వీపు మీద అంత మూటేసుకుని ఒక్కదానివే అడవిలో పడి పోతావా? మొగుడు ఊళ్ళోకి వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు కదే!" అంది. "ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆయన వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడడు డల్సీ అక్కా" అన్నాను. అక్క నవ్వేసి, నా మూటలో ఎండుద్రాక్ష కేకు కుక్కింది.

నిజమే కదా మెర్వ్? పోయిన చలికాలం నేను పెట్టె సర్దుకుని లాన్సెస్టన్ వెళ్ళి అక్క ఇంట్లో ఉంటానన్నప్పుడు నువ్వు "ఎప్పుడొస్తావు" అని అడగలేదు. "అక్కడ చలెక్కువ, మందపు కోటు తీసుకెళ్ళు" అన్నావు. నేను మందపు కోటు తీసుకెళ్ళాను. చలి నిజంగానే ఎక్కువ. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, ఒకసారి కలుద్దామని. ఎక్కడన్నది నేనే చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా దారి పని పేరుతో ఏడాదిలో సగం నిన్ను తన దగ్గరే ఉంచేసుకున్న ఆ అడవేదో చూస్తానన్నాను. ముందు "నీకు కష్టం" అని రాశావు. తర్వాత "నా వెనకే నడుస్తానంటే సరే" అని రాశావు. నీ వెనక నడవను. విమానం దిగే చోట ఉన్న నీ గుడిసె నుంచి నువ్వు బయల్దేరు, రోడ్డు చివరి నుంచి నేను బయల్దేరతాను, మధ్యలో తాళాలు మార్చుకుందాం, ఇలా ఎదురెదురుగా నడిచేవాళ్ళందరూ చేసే పనే. నా కారు తాళం నీకు, నీ గుడిసె తాళం నాకు. అటు తర్వాత నువ్వు ఇటు, నేను అటు.

బురద గురించి ఇన్నేళ్ళూ నువ్వు చెబుతుంటే కోతలనుకున్నాను. తప్పే. పొద్దున్న ఒక చోట నడుము దాకా దిగబడిపోయాను. కాలు పైకొచ్చింది కానీ బూటు రాలేదు. చెయ్యి పెట్టి దేవుకున్నాను. జలగలు ఎన్ని పట్టాయో లెక్క చూడటం మానేశాను. మధ్యాహ్నం అన్నం తిందామని వీపు సంచి దించి అటు తిరిగానో లేదో, ఒక నల్ల పిట్ట ముక్కుతో జిప్పు తీసి బిస్కెట్లు పట్టుకుపోయింది. జిప్పు మెర్వ్! మా స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకి కూడా అంత బాగా రాదు.

కానీ ఒకటి చెప్పాలి. అడవి దాటి చివరి మలుపు తిరిగాక ఒక్కసారిగా సముద్రం కనబడింది కదా, ఆ కొండ అంచున. దక్షిణం నుంచి ఏ నేలా తగలకుండా వచ్చిన అలలు. నేను "మెర్వ్, చూడు" అని పైకే అనేశాను. పక్కన ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ నువ్వు ఇక్కడ ఒక్కడివే నిలబడి చూశావు కదా, నీకు ఎవరితోనైనా చెప్పాలనిపించలేదా? ఎవరి పేరైనా నోట్లోకి రాలేదా? నాకు చాలా దిగులేసింది. 

పడమటి వైపు పోతున్న ఇద్దరు నర్సులు ఈ ఉత్తరం పట్టుకెళ్తామన్నారు. దారిలో పాత టోపీ పెట్టుకుని, అడ్డం పడిన కొమ్మలు నరుక్కుంటూ, ఎదురొచ్చిన వాళ్ళందరికీ నీతులు చెప్పే మనిషి కనిపిస్తే ఇవ్వమన్నాను. "ఓ, ఆయనా! మాకు తెలుసు" అన్నారిద్దరూ ఒకేసారి.

జలగలకి పెట్టగా మిగిలిన
నోలా


ఐరన్‌బౌండ్ కొండల కింద,
సోమవారం

నోలాకి,

కొండల మీద మబ్బు దిగి ఉంది. గాలి పడమర నుంచి. రేపటికి తగ్గితే ఎక్కుతాను. పోయిన నెల మా దారి పని వాళ్ళం బురద మీద వేసిన చెక్క పలకల్లో నాలుగు కొట్టుకుపోయాయి, మళ్ళీ వేయాలి.

పడవల సంగతి శ్రద్ధగా చదువు. ఉప్పుటేటి దగ్గర రెండు పడవలుంటాయి. ఎప్పుడూ ఒడ్డుకొకటి ఉండాలి. ఒక్కళ్ళే దాటాలంటే మూడుసార్లు తెడ్డేయాలి. ఈ ఒడ్డు పడవలో అవతలికి వెళ్ళాలి. అక్కడున్న పడవని తాడుతో కట్టుకుని రెండింటితో వెనక్కి రావాలి. ఒకటి ఇక్కడ వదిలి, రెండోదాంట్లో మళ్ళీ వెళ్ళాలి. ఒళ్ళు బద్ధకించి ఎవడైనా రెండూ ఒకే ఒడ్డున వదిలేశాడంటే, తర్వాత అవతలికి వచ్చినవాళ్ళు నీళ్ళ ముందు కూర్చుని ఆకలికి మాడాల్సిందే. పోయిన ఏడాది ఒకడు అలాగే చేశాడు. వాడి వెంటపడి, పట్టుకుని, వాడు ఏడుపు మొహం పెట్టేదాకా తిట్టాను. బోర్డు కూడా పెద్ద అక్షరాలతో మళ్ళీ రాశాను.

మనకి ఆ శ్రమ లేదు. నువ్వు నీ ఒడ్డు నుంచి, నేను నా ఒడ్డు నుంచి ఒకేసారి బయల్దేరితే ఒక్కసారితో సరి. పడవలు రెండూ వాటి చోట్లలోనే ఉంటాయి. నువ్వు ముందు వస్తే ఆగు. పోటు జోరుగా ఉన్నప్పుడు దాటకు.

బొబ్బలెక్కితే సూదితో పొడవకు. టైగర్ పాము దారిలో పడుకుని ఉంటే అదే లేచి పోతుంది, కర్రతో కదపకు. కొత్త బూట్లు వేసుకుని మాత్రం రాకు.

ఇంకేదో రాద్దామనుకున్నాను. ఈ ఉత్తరం తెస్తున్న ఇద్దరు పిచ్చివాళ్ళు మూడు రోజుల దారి ఒక్క రోజులో నడుస్తారట, తొందరపడుతున్నారు.

మెర్విన్


గ్రానైట్ బీచ్,
బుధవారం మధ్యాహ్నం

నా మెర్విన్‌కి,

నీ ఉత్తరం అందింది. పిచ్చివాళ్ళిద్దరూ ఆగకుండానే నా చేతిలో పెట్టి పోయారు. మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి, "ఇంకేదో రాద్దామనుకున్నాను" అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. ఆ ఇంకేదో ఏమిటో తెలుసుకోవడానికే నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది, ఇంకా తెలియలేదు.

నా ఎదురుగా ఒక రాయి మీద లెక్కల మాస్టారొకాయన కూర్చుని టీ తాగుతున్నాడు. రిటైరయ్యి ఒక్కడే పడమటికి పోతున్నాడు. నేను ఉత్తరం రాసేదాకా ఆగుతానన్నాడు. "నన్ను పోస్ట్‌మాన్‌ని చేసేశావేంటమ్మా?" అన్నాడు. "మీ కాళ్ళు నా కాళ్ళకంటే గట్టివి మాస్టారూ" అన్నాను. "ఎవరికి, మొగుడికా?" అన్నాడు. "ప్రస్తుతానికి" అన్నాను. ఆయన టీ గ్లాసు దించి నా వైపు చూసి, మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు, మర్యాదస్తుడు.

ఆ మాట ఎందుకన్నానో నీకు చెప్పాలి. నీ ఎదురుగా నిలబడి చెప్పలేను కనక ఇక్కడే చెప్పేస్తాను.

కొత్త బూట్లు వేసుకుని రాకు అన్నావు. నా కాళ్ళకున్నవి కొత్తవే మెర్వ్. కొని పంతొమ్మిదేళ్ళయింది. మన పెళ్ళైన మూడో ఏడు హోబార్ట్‌లో కొని, బీరువాలో దుప్పట్ల వెనక దాచాను. ఆ వేసవికి నువ్వు రమ్మంటావని. ఆ వేసవి అనలేదు, తర్వాత వేసవీ అనలేదు. నువ్వు పడమటి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ గడ్డంలో పొగ వాసనతో, కళ్ళు అదోలా వెలుగుతూ వచ్చేవాడివి. నేను బట్టలుతికేదాన్ని. వాటి జేబుల్లో గడ్డి గింజలు, గవ్వలు ఉండేవి. వాటిని పారేయకుండా జామ్ సీసాలో వేసి పెట్టుకునేదాన్ని. అంతే నాకు తెలిసిన నీ అడవి.

ఒకసారి నీతో దారి పని చేసేవాళ్ళు మనింటికి భోజనానికి వచ్చినప్పుడు గుర్తుందా? వాళ్ళలో ఒకాయన "నోలాని కూడా ఒకసారి తీసుకురావచ్చు కదయ్యా" అన్నాడు. నేను చేతిలో బంగాళాదుంపల గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇప్పుడైనా రమ్మంటావనుకున్నాను. నువ్వు నవ్వి, "ఆవిడకి అడవి పడదు" అన్నావు. నాకేం పడుతుందో, ఏం పడదో నన్నడిగావా? నా బదులు నువ్వే చెప్పేశావు. నేను గిన్నె బల్ల మీద పెట్టి, అందరికీ వడ్డించాను. ఆ రాత్రే ఏదో తెగిపోయింది. తెగిందని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది, అంతే.

నాకు నువ్వంటే ఇష్టం లేకపోతే ఎంత సులువుగా ఉండేది! ఇక్కడ ప్రతి పలక మీద కాలు పెట్టినప్పుడల్లా ఇది నీ చేత్తో కొట్టిన మేకేనేమో అనుకుంటున్నాను. నిన్న ఒక చోట వంగి తడిమి చూశాను కూడా. ఒక మనిషి కోసం ఇంతలా అల్లాడుతూ, ఆ మనిషి భార్యగా ఇంకా బతకడం నావల్ల కాదు. ఇంట్లో ఉండి ఎదురుచూడటం కంటే, ఎదురుచూడాల్సిన పని లేకుండా అక్క ఇంట్లో ఉండటమే నయం. అక్క ఉన్ని దుకాణంలో నాకు పని ఉంది, పై గది ఉంది.

కాబట్టి అనుకున్నట్టే చేద్దాం. నువ్వు నీ ఒడ్డు నుంచి, నేను నా ఒడ్డు నుంచి బయల్దేరదాం. నడి నీళ్ళలో పడవలు ఆపి తాళాలు మార్చుకుందాం. కారు తాళంతో పాటు ఇంటి తాళం కూడా ఇస్తాను. ఇల్లు నువ్వుంచుకో. నేను నీ గుడిసెలో ఒక రాత్రి పడుకుని, విమానమెక్కి వెళ్ళిపోతాను. ఒడ్డున కలవద్దు. నీళ్ళ మీద నువ్వేమీ మాట్లాడకు. కోటు వేసుకోమని కూడా అనకు. నువ్వు మాట్లాడితే నా మాట మీద నేను నిలబడలేను.

నా మడమలు రెండూ పచ్చిపుండ్లయ్యాయి. రేపంతా సర్‌ప్రైజ్ బేలో ఆగి, ఎల్లుండి అక్కడికి వస్తాను. మాస్టారి టీ అయిపోయింది.

ఇన్నేళ్ళూ నీ
నోలా


ఉప్పుటేటి పడమటి ఒడ్డు,
శుక్రవారం

డల్సీ అక్కా,

మొదటి సంగతి, కాళ్ళు విరగలేదు. రెండోది, నీ కేకు నల్ల పిట్టలకి దక్కలేదు, నేనే తిన్నాను. మిగతాది కూర్చుని చదువు, నిలబడి చదవకు.

నడి నీళ్ళలో తాళాలు మార్చుకుని విడిపోదామని మెర్విన్‌కి రాశాను. ఈ ఆలోచన నీకు ముందే చెబితే గుమ్మంలో నన్ను కట్టేసేదానివి కనక చెప్పలేదు. ఈ రోజు పొద్దున్నంతా చెప్పాల్సిన మాటలు కాదు, చెప్పకూడని మాటలు వల్లె వేసుకుంటూ నడిచాను. అడవి దిగి నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏం చూశాననుకున్నావు? నా ఒడ్డున రెండు పడవలు! పక్కపక్కనే ఇసకలోకి లాగి ఉన్నాయి. ఇక్కడ అంతకంటే పెద్ద పాపం లేదక్కా. ఒడ్డుకొకటి ఉండాలి, లేకపోతే అవతలి వాళ్ళు చిక్కుకుపోతారు. ఎవడో మెర్విన్ చేతిలో అయిపోయాడనుకున్నాను.

అవతలి ఒడ్డున ఏడెనిమిది మంది మూటలు దించుకుని నిలబడి గొంతులు చించుకుంటున్నారు. క్వీన్స్‌లాండ్ నుంచి ఈ దారి నడవడానికి వచ్చినవాళ్ళు.

"ఓ పెద్దాయనా! ఆ రెండో పడవ మీ తాతగారిదా?"

"బోర్డు చదవడం రాదా నీకు? ఒడ్డుకొక పడవ అని ఇంతింత అక్షరాలతో రాసి చచ్చారు కదయ్యా!"

ఇటు చూస్తే ఒక పడవ వెనక, ఇసకలో, మా ఆయన. పాత టోపీ, మోకాళ్ళ మీద చేతులు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరిని తిడుతున్నారు వాళ్ళు?" అన్నాను.

"నన్నే."

"ఆ బోర్డు రాసింది నువ్వే కదా?"

"అవును. వాళ్ళకి చెప్పలేదు" అన్నాడు.

మాట్లాడొద్దని రాసిన దాన్ని నేనే ముందు మాట్లాడాను, చూశావా! నిన్న పొద్దున్న అవతలి ఒడ్డున మాస్టారు నా ఉత్తరం ఇచ్చాడట. చదివి, అలాగే పడవలో కూర్చుని ఇటు వచ్చేశాడట.

"వచ్చాక రెండోది కట్టుకుని వెనక్కి పోయి, దాని చోట అది పెట్టి రావాలి కదా. తాడు కూడా కట్టాను" అన్నాడు.

"మరి?"

"నేను అవతల ఉండగా నువ్వొస్తే?"

"వస్తే ఏమయ్యేది?"

"నువ్వు రాసినట్టే అయ్యేది."

అంటే, తన జన్మలో ఎవరినీ చెయ్యనివ్వని తప్పు తను చేసి, రాత్రంతా ఆ పడవల దగ్గరే కూర్చున్నాడు. అక్కా, నాకు కోపం రావాలి కదా? వచ్చింది కూడా. కడుపులో దాచుకున్నదంతా అప్పుడే అడిగేశాను. "ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా నన్నెందుకు రమ్మనలేదు?" అన్నాను. బూటుతో ఇసక గీకుతూ అన్నాడు.

"నువ్వు కూడా వస్తే ఇంటి దగ్గర ఎవరుంటారు?"

"ఇంటికి కాపలాకా నేను?"

"కాపలా కాదు నోలా. ఇక్కడ వాన పట్టిందంటే రోజులకి రోజులు గుడిసెలోంచి కదలలేను. ఒక్కణ్ణే. అప్పుడు, నువ్వు వంటింట్లో దీపం వేసుకుని నాకోసం చూస్తుంటావనుకుంటే నిద్ర పట్టేది. ఎక్కడికో వెళ్ళాలి, ఒక మనిషి ఉంది అనిపించేది. నువ్వు నా పక్కనే ఉంటే ఇంకెవరి దగ్గరికి తిరిగి వెళ్ళాలి?"

"నీకు నిద్ర పట్టడానికి నేను ఇన్నేళ్ళూ మేలుకున్నానన్నమాట."

టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. "ఎదురుచూడటమంటే ఏమిటో తెలుసా నీకు అసలు?" అని అరిచాను. నా అరుపుకి అవతలి వాళ్ళు కూడా తిట్టడం ఆపారు.

"నిన్నటిదాకా తెలీదు" అన్నాడు. "నువ్వు ఎల్లుండొస్తానని రాశావు, అంటే ఈ రోజేనని తెలుసు. అయినా నిన్నంతా పిట్ట కదిలినా లేచి నిలబడ్డాను. టీ పెట్టుకుంటే మరిచిపోయి అడుగంటించాను. ఇదేనా రోజూ?"

"ఇదే. రోజూ."

మెర్విన్ ఏడ్చాడక్కా. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. నేనూ ఏడ్చాను. అంత ఏడుపులో కూడా నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా బరువు సగం ఎవరో మోస్తున్నట్టుంది. కాసేపటికి టోపీ తీసి మొహం తుడుచుకుని, "ఈ పని మానేస్తాను. నీతో ఇటే ఇంటికొచ్చేస్తాను" అన్నాడు.

ఇదే మాట ఏడాది కిందట అని ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. కానీ ఈ నాలుగు రోజులూ నడిచాక, ఆ మాట నచ్చలేదు. ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని పడమటి వైపు చూస్తుంటే ఆ మొహం నేను భరించగలనా? తను దిగులుపడితే చూసి సరదాపడే ఆడదాన్ని కాను. పైగా నాకే ఇంకా తనివి తీరలేదు. తను ఇన్నేళ్ళూ ఎక్కి దిగిన ఆ కొండలు అవతల ఉన్నాయి, మబ్బు పూర్తిగా విడిపోయింది. నేను చూసింది సగమే.

"వద్దు, నేనే అటు వస్తాను" అన్నాను. "నీ వెనక కాదు."

"ముందు నడు" అన్నాడు.

ఒక పడవ తను, ఒక పడవ నేను వేశాం. తెడ్డు పట్టడం నాకు రాదని నీకు తెలుసు కదా. మూడుసార్లు గుండ్రంగా తిరిగాను. క్వీన్స్‌లాండ్ వాళ్ళు తిట్లు మరిచిపోయి పడీ పడీ నవ్వారు. మెర్విన్ పక్కనే వచ్చాడు కానీ ఒక్క సలహా ఇవ్వలేదు. పెదవులు గట్టిగా బిగించుకుని కూర్చున్నాడు పాపం. ఒడ్డు చేరాక ఒకావిడ నా చెయ్యి పట్టి దింపుతూ, "మీ ఆయనేనా? కాస్త బుద్ధి చెప్పండమ్మా" అంది. "ఇప్పుడే మొదలెట్టాను" అన్నాను. వాళ్ళందరి దగ్గరా నిలబడి పేరు పేరునా క్షమాపణ చెప్పాడు. బోర్డు తనదేనని కూడా చెప్పాడు. దాంతో వాళ్ళకి అతణ్ణి చూస్తే జాలేసిందనుకుంటా, టీ ఇచ్చారు.

వాళ్ళు రెండు విడతలుగా అటు దాటుతున్నారు, చివరికి ఒడ్డుకొక పడవే ఉంటుంది, ఈ ఉత్తరం వాళ్ళతోనే పంపుతున్నాను. నువ్వు పై గది ఎవరికైనా ఇచ్చేసుకో అక్కా. నా ఉన్ని కోటు మాత్రం ఉంచు, దుకాణం సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.

ఒక చిక్కు మిగిలింది. మేమిద్దరం ఇటే వచ్చేశాం, కారు అటు చివర ఉండిపోయింది. తాళం క్వీన్స్‌లాండ్ వాళ్ళకిస్తే కారు ఊళ్ళో పెట్టి పోతారు, మనం గుడిసె నుంచి విమానంలో వెళ్ళొచ్చని మెర్విన్ అన్నాడు. నేను ఇవ్వలేదు. కొండలెక్కుదాం, గుడిసె చూద్దాం, అక్కణ్ణుంచి కారు దాకా తిరిగి నడుద్దాం, ఇద్దరం అన్నాను.

"మొత్తమా?" అన్నాడు.

"మొత్తం" అన్నాను.

నీ చెల్లెలు
నోలా